హెచ్. జి. వెల్సు మహాశయుడు

కథలు వినగోరని బాలుడు లోకమున లేడు. మన తాతలు, అవ్వలు చెప్పిన కథలన్నియు వెనుకటి కాలమున జరిగిన సంగతులతో మొదలగుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాఖండమందు వేరొక తీరు కథలు బయలుదేరెను. అవి జరిగిపోయినదానిని గాక జరుగబోవుదానిని చెప్పసాగెను. ప్రకృతిశాస్త్రము నేడు కనుగొన్నదానిని బట్టి రేపు మనుష్యసంఘము ఏ స్థితికి వచ్చునో ఊహించి చూపుట ఆ కథల పని. వీనిని శాస్త్రకల్పిత కథలందురు. ఫ్రాన్సు దేశీయుడగు జూల్స్ వెర్న్ వీనిని వ్రాసినవారిలో మొదట ప్రసిద్ధికెక్కెను. ఆయన యంత్రముల వింతలను మనోహరముగ వర్ణించెను. ఆయన తరువాత వచ్చిన ఇంగ్లండు దేశీయుడు హెర్బర్టు జార్జి వెల్సు ఇంకొక అడుగు ముందుకు వేసి, అట్టి యంత్రములు చేతికి వచ్చిన పిమ్మట మనుష్యుడు ఏమగునని ప్రశ్నించెను. ఈ ప్రశ్న నేటికిని మనలను విడిచిపెట్టలేదు గనుక ఆ మహాశయుని చరిత్రమును మేము ఇచ్చట సంగ్రహముగ వ్రాయబూనితిమి.

వెల్సు 1866 వ సంవత్సరము సెప్టెంబరు 21 వ తేదీన కెంటు మండలమందలి బ్రాంలీ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫ్ వెల్సు మొదట తోటమాలి. పిమ్మట పింగాణి సామానులును, క్రికెట్టు ఆట సామగ్రియు అమ్ము చిన్న దుకాణము పెట్టుకొనెను. వ్యాపారము సాగలేదు గాని ఆయన బంతి వేయుటలో మిక్కిలి నేర్పరి. 1862 లో కెంటు పక్షమున ససెక్సు జట్టుతో ఆడినప్పుడు వరుసగ నాలుగు బంతులకు నలుగురిని ఔటు చేసెను. తల్లి సారా దొరల ఇంట పరిచారికగ నుండి వచ్చిన దైవభక్తి గల స్త్రీ. ఇంటిలో లేమి తాండవించుచుండెను. ఆ దంపతుల కుమారులలో మన కథానాయకుడు కడపటివాడు.

1874 లో, ఏడు సంవత్సరముల ప్రాయమున, ఈ బాలునికి కాలు విరిగెను. కొన్ని వారములు మంచము మీదనుండి కదలరాదు. తండ్రి గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చుచుండెను. దూరదేశముల వర్ణనలు, జంతువుల చరిత్రలు, నక్షత్రముల సంగతులు ఆ బాలుడు ఆకలిగొన్నవానివలె చదివెను. ఆ ప్రమాదమే తనకు లోకమును తెరచెనని ఆయన పెద్దవాడైన తరువాత తలంచుచుండెను. మేలు కీడు రూపమున వచ్చుట కిది యొక నిదర్శనము.

మూడు సంవత్సరములకు తండ్రికి తొడ యెముక విరిగి, ఆటవలన వచ్చు ఆదాయము కూడ పోయెను. 1880 లో తల్లి ససెక్సు మండలమందలి అప్‌పార్కు అను దొరల భవనమున గృహనిర్వాహకురాలిగ ఉద్యోగమునకు పోవలసి వచ్చెను. ఆ భవనమునందలి పుస్తకశాల ఈ బాలునికి సెలవుదినములలో దొరికిన నిధి. ఆ భవనమున యజమానులు పై అంతస్తుల వెలుగులో నుండిరి. పరిచారకులు నేల క్రింది గదులలో పాటుపడి, సొరంగపు మార్గముల వెంట రాకపోకలు చేయుచుండిరి. ఈ దృశ్యము ఆ బాలుని మనస్సున నాటుకొని, యేండ్ల తరువాత ఆయన మొదటి గొప్ప గ్రంథమున బీభత్సమైన రూపముతో వెలువడెను.

పదునాలుగేండ్లు నిండకమునుపే తల్లి ఆయనను బట్టల దుకాణమున పని నేర్చుకొనుటకు పెట్టెను. అచ్చట కుదరలేదు. కొన్నాళ్లు మందుల అంగడిలో నుండెను. 1881 లో సౌత్‌సీ అను రేవుపట్టణమందు మరియొక బట్టల దుకాణమున ఒప్పందము వ్రాయించుకొని చేరవలసి వచ్చెను. ఉదయము మొదలు రాత్రి వరకు పదుమూడు గంటల పని; బట్టలు విప్పుట, మడచుట, మరల విప్పుట. రాత్రి తోడివారితో కలిసి ఒక పెద్ద గదిలో నిద్ర. రెండు సంవత్సరములు ఇట్లు గడచెను. తన తెలివి ఆ గుడ్డల మడతలలో సమాధియగుచున్నదని ఆయనకు తోచెను.

1883 లో ఒక ఆదివారము ఉదయమున ఆయన పదునేడు మైళ్లు కాలినడకన అప్‌పార్కునకు పోయి, దేవాలయమునుండి ఇతర పరిచారకులతో తిరిగి వచ్చుచున్న తల్లిని త్రోవలో కలిసికొని, ఆ దుకాణమున ఇక నుండజాలనని చెప్పెను. ఆ తల్లికది పిడుగుపాటు. ఒప్పందమునకై కట్టిన సొమ్ము పోవును. కుదురైన జీవనోపాధి పోవును. తల్లి యేల భయపడెనో పేదకుటుంబముల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఐనను తుదకామె సమ్మతించెను. మిడ్‌హర్‌స్టు పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హొరేసు బయట్టు ఈ కుర్రవానిని విద్యార్థిగను, చిన్న తరగతుల సహాయోపాధ్యాయుడుగను చేర్చుకొనెను. పగలు చెప్పుట, రాత్రి చదువుట. ఒక్క సంవత్సరములో ప్రభుత్వశాస్త్రపరీక్షలలో ఆయన అంత యోగ్యముగ కృతార్థుడయ్యెను గనుక వారమునకు ఒక గినీ వేతనముతో లండనునందలి శాస్త్రకళాశాలలో ఉచితవిద్య లభించెను. బట్టలు మడచు చేతులు ఇప్పుడు సూక్ష్మదర్శినిని పట్టుకొనెను.

అచ్చట 1884 లో ఆయనకు జీవశాస్త్రము బోధించినవాడు థామస్ హెన్రీ హక్స్‌లీ. డార్విను పండితుని పరిణామసిద్ధాంతమును లోకమున నిలువబెట్టిన మహోపాధ్యాయుడాయన. వెల్సు ఆయన బోధను విన్నది ఒక్క సంవత్సరమే. ఐనను ఆ బోధ జీవితాంతము నిలిచెను. ప్రకృతియందలి మార్పు తనంతట తానే మంచివైపునకు సాగునని తలంచుట భ్రమ. ప్రాణి పైకి పోవచ్చును, క్రిందికిని పోవచ్చును. మంచితనము మనుష్యులు ప్రయత్నించి నిలుపుకొనవలసినదే గాని దానంతట వచ్చునది కాదు. హక్స్‌లీ నమ్మిన ఈ సంగతియే తరువాత శిష్యుని కథలన్నిటికిని పునాది యయ్యెను.

హక్స్‌లీ తరువాత వచ్చిన ఉపాధ్యాయులు వెల్సు మనస్సును పట్టుకొనజాలకపోయిరి. ఆయన విద్యార్థుల పత్రికను స్థాపించి, సభలలో వాదములు చేయుచు, పాఠములను నిర్లక్ష్యము చేసి, 1887 లో భూగర్భశాస్త్రపరీక్షలో తప్పెను. వేతనము నిలిచిపోయెను. వేల్సు దేశమున ఒక చిన్న పాఠశాలలో ఉపాధ్యాయుడై, అచ్చట కాలిబంతి ఆటలో దెబ్బ తగిలి మూత్రపిండము చెడెను. పిమ్మట నోట రక్తము పడెను. ఇక బ్రతుకడని కొందరు తలంచిరి. ఆయన పట్టు విడువక 1890 లో లండను విశ్వవిద్యాలయపు బి. యస్‌సి. పట్టమును పొందెను, 1893 లో జీవశాస్త్రపాఠ్యపుస్తకమును ప్రకటించెను. ఆ యేటనే మరల వ్యాధి తిరుగబెట్టగా తరగతిగదిలో నిలిచి బోధించుట అసాధ్యమయ్యెను. కూర్చుండి చేయదగిన పని వ్రాత యొక్కటే. ఈ విధముగ ఒక ఉపాధ్యాయుడు కథకుడయ్యెను. ఆ కథకునిలో ఉపాధ్యాయుడు మాత్రము ఎన్నడును చావలేదు.

1895 లో వెలువడిన కాలయంత్రము అను గ్రంథముతో ఆయన పేరు ఒక్కసారిగ మ్రోగెను. అందొక శాస్త్రజ్ఞుడు కాలమున ముందునకు పోవు యంత్రమును నిర్మించి, 8,02,701 వ సంవత్సరమునకు పోవును. ఆనాటి మనుష్యజాతి రెండుగ చీలియుండును. నేల మీద నుండువారు అందమైనవారు, సోమరులు, బుద్ధిహీనులు. నేల క్రింద చీకటిలో యంత్రములు నడపువారు క్రూరులై, రాత్రివేళ పైకి వచ్చి ఆ యందగాండ్రనే తిందురు. ధనికులును కూలివారును ఒకరినొకరు ఎరుగక వేరువేరుగ బ్రతికినచో వేలకొలది తరముల తరువాత ఏమగుదురన్నదే ఇందలి ప్రశ్న. అప్‌పార్కునందలి సొరంగములు జ్ఞాపకమున్నవారికి ఈ కథ యొక్క మూలము సులభముగ తెలియును. యంత్రము కల్పితము, హెచ్చరిక నిజము.

తరువాతి మూడేండ్లలో మూడు గొప్ప గ్రంథములు వచ్చెను. 1896 లో వచ్చినదానియందు డాక్టరు మోరో అనువాడు ఒక దీవిలో మృగములను కోసి కుట్టి మనుష్యులుగ చేయజూచి నశించును. 1897 లో వచ్చినదానియందు ఒక యువకుడు తన శరీరమును కంటికి కనబడకుండ చేసికొను రహస్యమును కనుగొని, ఆ శక్తితో దొంగయు హంతకుడును అగును. రెండింటను దోషము శాస్త్రమునందు లేదు. ఎవరికిని జవాబు చెప్పనక్కరలేదని తలంచు శాస్త్రజ్ఞుని గర్వమందున్నది.

1898 లో గ్రంథరూపమున వచ్చిన లోకముల యుద్ధము ఇంకను ప్రసిద్ధము. అంగారకగ్రహవాసులు మహాయంత్రములతో ఇంగ్లండు మీదికి దిగి, వేడికిరణములతో ఊళ్లను కాల్చుదురు. మహాసామ్రాజ్యపు రాజధాని చీమలపుట్టవలె చెదరిపోవును. తుదకు ఆ గ్రహవాసులను కూల్చినవి ఫిరంగులు కావు. కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఆనాటి బ్రిటిషు ప్రజలు తమ బలమునకు తిరుగులేదని నమ్మియుండిరి. టాస్మేనియా దీవి ఆదివాసులు ఐరోపావాసుల చేతులలో దాదాపుగ నిర్మూలమైన సంగతిని వెల్సు ఈ కథారంభమున వారికి జ్ఞాపకము చేసి, ఆ బాధ తమకే కలిగినచో ఎట్లుండునో చూచుకొండని యద్దము పట్టెను. పాలింపబడిన దేశమువారమైన మనకు ఈ యద్దము యొక్క విలువ బాగుగ తెలియును.

ఈ కథ ఒక బాలునిపై చూపిన ప్రభావము చెప్పదగినది. అమెరికాలో మాసచూసెట్సు రాష్ట్రమున రాబర్టు గాడర్డు అను బాలుడు పదునారేండ్ల ప్రాయమున దీనిని వార్తాపత్రికలో చదివెను. మరుసటి యేడు, 1899 అక్టోబరు 19 వ తేదీన, ఎండుకొమ్మలు నరుకుటకు చెర్రీచెట్టెక్కి, అంగారకగ్రహమునకు పోవు సాధనమును నిర్మించిన నెంత బాగుండునని కలగనెను. ఆ తేదీని జీవితాంతము పండుగవలె స్మరించెను. 1926 మార్చి 16 వ తేదీన ఆయన ద్రవయింధనముతో ఎగిరిన మొదటి రాకెట్టును ప్రయోగించెను. అది ఎగిరినది రెండున్నర సెకండ్లు. లేచినది 41 అడుగులు. చూచువారికది నవ్వులాట. కాని ఆ త్రోవనే సాగి 1969 జూలైలో మనుష్యుడు చంద్రునిపై కాలు మోపెను. గాడర్డు 1932 లో వెల్సునకు ఉత్తరము వ్రాసి, బాల్యమున చదివిన ఆ కథ తనకు చేసిన మేలును తెలియజేసెను.

వెల్సు పొరపడలేదని చెప్పుట సత్యము కాదు. 1901 లో రాబోవు శతాబ్దమును గూర్చి వ్రాసిన గ్రంథమున మోటారుబండ్లు, విశాలమైన రహదారులు, నగరముల వ్యాప్తి మున్నగువానిని చక్కగ ఊహించెను గాని, విమానములు త్వరలో ఎగురవనియు, జలాంతర్గామి నౌకలు పనికిరావనియు తలంచెను. అంతకంటె గొప్ప దోషము వేరొకటి. నేర్పులేనివారును, తెల్లవారు కాని జాతులలో క్రొత్తలోకమునకు తగనివారును అంతరింపవలసినదేయని ఆ గ్రంథమున నిర్దయగ వ్రాసెను. శాస్త్రము పేరు చెప్పి కరుణను విడుచుట ఎంత సులభమో దీనివలన తెలియుచున్నది. నాలుగేండ్ల తరువాత, 1905 లో వ్రాసిన గ్రంథమున ఆయనయే జాతిద్వేషమును ఖండించెను. భవిష్యత్తును చూడగల కన్ను కూడ తన కాలపు దుమ్ముతో మసకబారుట కలదు.

1903 లో ఆయన ఇనుపకవచము గల యుద్ధశకటములను ఒక కథలో వర్ణించెను. 1916 సెప్టెంబరు 15 వ తేదీన సోము యుద్ధభూమియందు టాంకులు మొదటిసారిగ కదలెను. 1908 లో విమానములు నగరములపై నిప్పు కురిపించుటను వ్రాసెను; పదేండ్లు గడువకమునుపే లండను దానిని చవిచూచెను. ఐనను వీనియన్నిటిని మించినది 1914 లో వచ్చిన విముక్తలోకము అను గ్రంథము. రసాయనశాస్త్రజ్ఞుడు ఫ్రెడరికు సాడి రేడియమును గూర్చి వ్రాసిన పుస్తకమును చదివి, పరమాణువులో దాగియున్న శక్తి బయటికి వచ్చినచో ఏమగునో వెల్సు అందు ఊహించెను. ఆ గ్రంథమును సాడి పుస్తకమునకే అంకితము చేసెను. పరమాణువును కృత్రిమముగ భేదించు రహస్యము 1933 లో తెలియునని కథలో వ్రాసెను. ఆ శక్తి వలన మొదట సంపద పెరుగును, పనులు లేక జనులు వీథిన పడుదురు, తరువాత మహాయుద్ధము వచ్చి పరమాణుబాంబులు నగరములను భస్మము చేయును. ఆ బాంబులకు పరమాణుబాంబులను పేరు పెట్టినవాడు ఆయనయే. అంతయు కాలిన పిమ్మట మిగిలిన ప్రభువులు కూడి, ఇక యుద్ధములు వలదని లోకమంతటికి ఒక్క ప్రభుత్వము నేర్పరచుకొందురు.

ఇక జరిగిన సంగతి వినవలెను. హంగేరీ దేశీయుడగు లియో జిలార్డు అను భౌతికశాస్త్రజ్ఞుడు ఈ పుస్తకమును 1932 లో చదివెను. మరుసటి యేడు హిట్లరు అధికారమునకు రాగా, యూదుడగుటచే జర్మనీ విడిచి లండను చేరెను. 1933 సెప్టెంబరున రూథర్‌ఫర్డు మహాపండితుడు పరమాణువునుండి శక్తిని పొందగోరుట వట్టిమాటయని చెప్పినట్లు పత్రికలో చదివి, ఆ మాట మనస్సున మెదలుచుండగా వీథిలో నడచుచుండెను. సౌతాంప్టన్ రో అను వీథిని దాటుచుండగా ఆయనకొక తలంపు తట్టెను. ఒక న్యూట్రాను తగిలి పరమాణువు పగిలినప్పుడు రెండు న్యూట్రానులు వెలువడినచో, ఆ రెండు నాలుగగును, నాలుగు ఎనిమిది యగును. గొలుసువలె ఆ క్రియ పెరిగిపోవును. వెల్సు కథలో వ్రాసిన సంవత్సరమున ఇది తట్టెను. 1934 లో జోలియో క్యూరీ దంపతులు కృత్రిమమైన రేడియోధార్మికతను కనుగొనిరి.

జిలార్డు ఆ కథ చదివినవాడు గనుక తన తలంపు యొక్క తుది యేమో ఎరుగును. ఆయన పేటెంటు తీసికొని, అది బయటపడకుండుటకై 1936 లో బ్రిటిషు నౌకాశాఖకు అప్పగించెను. 1938 డిసెంబరున జర్మనీలో యురేనియము పరమాణువు భేదింపబడెను. హిట్లరు చేతికి ఈ యాయుధము ముందుగ చిక్కునను భయముచే 1939 లో ఐన్‌స్టీనుచేత అమెరికా అధ్యక్షునికి జాబు పంపించినవాడును జిలార్డే. 1942 డిసెంబరు 2 వ తేదీన చికాగోలో గొలుసుక్రియను సాధించినవారిలో ఆయన యొకడు. 1945 జూలైలో, జపానుకు లొంగిపోవు అవకాశమీయక ఆ బాంబును వేయరాదని విన్నపము వ్రాసి సుమారు డెబ్బదిమంది శాస్త్రజ్ఞులచేత చేవ్రాళ్లు చేయించినవాడును ఆయనయే. అది అధ్యక్షుని చేతికి చేరలేదు. ఆగస్టు 6 వ తేదీన హిరోషిమా, 9 వ తేదీన నాగసాకి దగ్ధమయ్యెను.

ఐనచో ఆ కథ మేలు చేసెనా, కీడు చేసెనా? పరమాణువు రహస్యము వెల్సు చెప్పకున్నను బయటపడియుండును. దానిని కనుగొనుటకు అనేకులు అనేకదేశములలో శ్రమించుచుండిరి. కథ వలన గలిగిన భేదమొక్కటే. కనుగొన్నవారిలో ఒక్కడైనను దాని ఫలమును ముందుగ మనస్సున చూచి, దాచవలెనని యొకసారి, ఆపవలెనని యొకసారి ప్రయత్నించెను. శాస్త్రము చేయగలదానిని చెప్పును; చేయదగినదానిని చెప్పదు. మంచి కథ ఈ రెండింటి నడుమ నిలిచి, చేయబోవుదాని ఫలమును మన కన్నుల యెదుట పెట్టును. కాని హెచ్చరికను వినువారు కొందరే యైనచో దాని బలము చాలదు. జిలార్డు చదివెను, అధికారమున నున్నవారు చదువలేదు, లేదా చదివియు కథయే గదాయని త్రోసివేసిరి. వెల్సు జీవితమునుండి మేము గ్రహించిన ముఖ్యసత్యము ఇదియే.

ఈ సత్యము ఆయనకును తెలియును. అందుచేతనే మొదటి మహాయుద్ధము ముగిసిన తరువాత కథలు తగ్గించి, అందరికి విద్య కలుగవలెనను పనికి పూనెను. మనుష్యజాతి చరిత్రము విద్యకును వినాశమునకును నడుమ సాగు పందెమని ఆయన తలంపు. దేశమున కొక చరిత్రగ గాక లోకమంతటికి ఒక్క చరిత్రగ బోధించినగాని యుద్ధములు మానవని నమ్మి, 1920 లో ప్రపంచచరిత్రమును ప్రకటించెను. అందు రాజులందరి నడుమ మన అశోకచక్రవర్తిని, జయించియు యుద్ధమును విడిచినవాడని, ఏకైక నక్షత్రముగ కీర్తించెను. జవహర్‌లాల్ నెహ్రూ చెరసాలలోనుండి కుమార్తె ఇందిరకు ప్రపంచచరిత్రను ఉత్తరములుగ వ్రాసినప్పుడు ఈ గ్రంథము ఆయనకు తోడ్పడెను. 1938 లో వెల్సు లోకజ్ఞానమంతయు ఒక్కచోట కూర్చి అందరికి అందించు ప్రపంచమేధను గూర్చి వ్రాసెను. నేడు చేతిలోని ఫోనునందు సర్వవిషయములు చదువువారికి ఈ యూహ క్రొత్తగ తోచదు. అందు సత్యమును అసత్యమును వేరుచేయువా రుండవలెనని ఆయన కోరిన భాగము మాత్రము ఇంకను నెరవేరవలసియున్నది.

ఆయన గృహజీవితము నిర్దుష్టమైనది కాదు, దానిని విస్తరింపబోము. మధుమేహముతో బాధపడుచు, 1934 లో డాక్టరు ఆర్. డి. లారెన్సుతో కలిసి అట్టి రోగులకై ఒక సంఘమును స్థాపించెను. రెండవ మహాయుద్ధకాలమున, 1940 లో, మనుష్యుల హక్కుల పట్టికను వ్రాసి, జాతిభేదము లేక అందరికిని అవి చెందవలెనని వాదించెను. 1901 లో జాతులు అంతరింపవలెనన్న చేతితోనే ఇది వ్రాసెనని మనము గమనింపవలెను. బాంబులు పడుచున్నను లండనును విడువలేదు. 1945 లో వ్రాసిన కడపటి పుస్తకము మిక్కిలి నిరాశతో నిండియున్నది. హిరోషిమా వార్తను ఆయన వినెను. మరుసటి యేడు, 1946 ఆగస్టు 13 వ తేదీన, డెబ్బది తొమ్మిదవ యేట లండనులోని స్వగృహమున కన్నుమూసెను. ఆయన కోరిన మనుష్యహక్కుల ప్రకటనము 1948 డిసెంబరు 10 వ తేదీన ఐక్యరాజ్యసమితియందు వెలువడినప్పుడు చూచుటకాయన లేడు.

నేడు జీవకణమునందలి వంశలక్షణములను మార్చు విద్యయు, మనుష్యునివలె మాటలాడు యంత్రములును వచ్చినవి. డాక్టరు మోరో దీవియు, నేల క్రింది యంత్రశాలలును మరల మన తలపునకు రావలెను. మన బాలబాలికలు శాస్త్రపాఠములను శ్రద్ధగ చదువుదురుగాక. వానితోపాటు మంచి కథలను కూడ చదువుదురుగాక. కొడుకు కథలపుస్తకము పట్టుకొన్నప్పుడు కాలము వృథాయగుచున్నదని తలిదండ్రులు కోపింపకుందురుగాక. ఏది కనుగొన్నను, ఇది ఎవరికి మేలు, ఎవరికి కీడు అని అడుగుట నేర్చిన విద్యార్థియే వెల్సు కోరిన విద్యార్థి. బట్టల దుకాణమునుండి పదునేడు మైళ్లు నడచిన ఆ కుర్రవాడు లోకమునకు ఈ ప్రశ్నను నేర్పిపోయెను. దీనికి ప్రత్యుత్తరము చెప్పవలసిన భారము మనయందున్నది.